పాత ఫైబర్‌గ్లాస్ పడవకు కుళ్లిన ఫ్లోరు, స్ట్రింగర్లు మార్చడం: మొదటి కోత నుంచి చివరి స్క్రూ దాకా

అమెరికాలో పాత పడవ అమ్మేవాళ్లు ప్రకటనలో రాసే మాట ఒకటుంది: "ఫ్లోరు ఒకచోట కాస్త మెత్తగా ఉంది." ఫ్లోరు కాలికి మెత్తగా తగిలిందంటే దాని కింద ఉన్నది ఎప్పుడో చివికిపోయిందని అర్థం. జార్జియాలో లేక్ లేనియర్ దగ్గర ఉండే నాకు ఆ సంగతి 17 అడుగుల ఔట్‌బోర్డ్ బోరైడర్ (వెనక బయట ఇంజన్ తగిలించి, ముందు భాగంలోనూ సీట్లుండే పడవ) ఒకటి కొన్నాకే తెలిసింది. 1980ల నాటి పడవ. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నీకు కావాల్సింది పడవా, పనా?" అంది. ఆ తర్వాత ఏడెనిమిది నెలల శని, ఆదివారాలు గరాజ్‌లోనే గడిచాయి.

ఈ పనిలో కొత్త చెక్క పెట్టడం కష్టమైన భాగం కాదు. పాత చెక్క తీసేటప్పుడు పడవ ఆకారం చెడకుండా చూసుకోవడం, కొత్తది పెట్టాక మళ్లీ నీళ్లు చేరకుండా చేయడం కష్టం. కింద నేను రాసేదంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

కుళ్లు పైనుంచే వస్తుంది

పడవ నీళ్లలో తిరుగుతుంది కాబట్టి అడుగు నుంచి నీరు చేరి కుళ్లిందని అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు నీరు పైనుంచి దిగుతుంది. సీటు కాళ్లకు కొట్టిన స్క్రూలు, కార్పెట్ కింద వెంట్రుకంత చీలికలు, వెనక పలకలో (ట్రాన్సమ్) నీళ్లు వదిలే డ్రెయిన్ ప్లగ్ గొట్టం చుట్టూ ఊడిన సీలెంట్, ఇవన్నీ దానికి దారులే. పెరట్లో టార్పాలిన్ చిరిగి నాలుగు వర్షాకాలాలు నానిన పడవ రోజూ సరస్సులో తిరిగే పడవకంటే త్వరగా పాడవుతుంది.

లోపల అమరిక ఇలా ఉంటుంది. హల్ అంటే అడుగున ఉన్న ఫైబర్‌గ్లాస్ తొట్టి. దాని పొడవునా, ముందు మొన దగ్గర నుంచి వెనక ట్రాన్సమ్ దాకా, నిలబెట్టిన దూలాల్లాంటివి స్ట్రింగర్లు. ప్లైవుడ్‌తోనో ఫర్ అనే కలపతోనో చేసి, చుట్టూ ఫైబర్‌గ్లాస్ కప్పుతారు. వాటి మీద ప్లైవుడ్ ఫ్లోరు వేస్తారు. మధ్య ఖాళీల్లో, పడవ మునిగినా తేలేలా, పాలీయురేథేన్ ఫోమ్ పోస్తారు. స్క్రూ రంధ్రంలోంచి దిగిన నీరు ఈ ఫోమ్‌కీ చెక్కకీ మధ్య ఇరుక్కుంటుంది. దానికి బయటికి దారి ఉండదు, గాలీ తగలదు. చెక్క కుళ్లడానికి అంతకు మించి ఏం కావాలి?

ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం

స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరంతా తడుతూ వెళ్లండి. బాగున్నచోట గట్టిగా, కంగుమని మోగుతుంది. కుళ్లినచోట అట్టపెట్టెను కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. ఇది ఫ్లోరు సంగతి మాత్రమే చెబుతుంది.

స్ట్రింగర్ల కోసం డ్రిల్ తీయాలి. వెనక, అడుగున నీరు చేరే గుంట (బిల్జ్) దగ్గర స్ట్రింగర్ పక్క కనిపిస్తూ ఉంటుంది. దాని అడుగుభాగంలో, హల్‌కు తగలకుండా పక్కనుంచి, 6 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేసి పొట్టు అరచేతిలోకి తీసుకోండి. లేత పసుపు రంగులో పొడిగా చుట్టలు చుట్టుకుని వస్తే ఆ చోట చెక్క బతికే ఉంది. నాకు వచ్చింది టీ కాచి వడకట్టాక గుడ్డలో మిగిలే పొడిలాంటిది. నల్లగా ఉంది, పిండితే చుక్క కారింది, అడవిలో ఆకులు మురిగిన వాసన. రెండో రంధ్రంలోంచి అసలు పొట్టే రాలేదు, నీళ్లు కారాయి. పరీక్ష రంధ్రాలను తర్వాత ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో మూసేయవచ్చు, కాబట్టి ముందు, మధ్య, వెనక మూడుచోట్లయినా చేయండి.

ఫ్లోరులో రెండంగుళాల హోల్‌సా (డ్రిల్‌కు తగిలించే గుండ్రటి రంపం) వేసి ఫోమ్ ముక్క ఒకటి బయటికి తీయండి. మంచి ఫోమ్ చేతిలో ఈకలా ఉంటుంది. నీళ్లు తాగింది తడి స్పాంజిలా బరువుగా వస్తుంది. ఒక ఘనపు అడుగు నీరు సుమారు 28 కిలోలు. పది ఘనపు అడుగుల ఫోమ్‌లో సగం నీరే ఉంటే, ఇద్దరు పెద్దమనుషులు ఎప్పుడూ పడవలోనే కూర్చుని ఉన్నట్టు.

ఇక ట్రాన్సమ్, అంటే ఇంజన్ తగిలించే వెనక పలక. మన జాలర్లు పడవ వెనక భాగాన్ని అమరం అంటారు. ఇంజన్‌ని కొద్దిగా పైకి ఎత్తి, కింది కొసను పట్టుకుని బరువుగా నొక్కండి. పలక వంగుతున్నట్టు కనిపిస్తే అదీ పోయినట్టే. అలాంటప్పుడు ట్రాన్సమ్, స్ట్రింగర్లు ఒకే విడతలో చేయాలి, ఎందుకంటే స్ట్రింగర్ల వెనక కొసలు ట్రాన్సమ్‌కే అతుక్కుని ఉంటాయి. ఇప్పుడు ఒకటి, వచ్చే ఏడాది ఇంకొకటి అనుకుంటే చేసిన పనినే మళ్లీ కోయాల్సి వస్తుంది.

ఇక్కడే ఒక మాట. ఇంజన్ నడవకపోతే, హల్‌కే పగుళ్లుంటే, ఆ పడవను వదిలేయండి. ఫ్లోరు, స్ట్రింగర్ల పనికి అయ్యే రెజిన్ (గట్టిపడే జిగురు ద్రవం), గ్లాస్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డ), ప్లైవుడ్, ఫోమ్ ఖర్చే చాలాసార్లు పడవ కొన్న ధరను దాటుతుంది. నడిచే ఇంజన్, గట్టి హల్ ఉంటేనే ఈ శ్రమకు అర్థం.

కోతకు ముందు: పడవను కదలకుండా నిలబెట్టడం

పెట్రోల్ ట్యాంక్ చాలా పడవల్లో ఫ్లోరు కిందే ఉంటుంది. ముందు దాన్ని పూర్తిగా ఖాళీ చేయండి. బ్యాటరీ తీసేయండి. గ్రైండర్ నిప్పురవ్వలు, పెట్రోల్ ఆవిరి ఒకచోట ఉండకూడదు. ఖాళీ ట్యాంక్‌లో మిగిలే ఆవిరి నిండు ట్యాంక్‌కంటే ప్రమాదం. వీలైతే ఫ్లోరులో ట్యాంక్ మీది భాగాన్ని ముందుగా స్క్రూలు విప్పి, చేతి రంపంతో మాత్రమే తెరిచి, ట్యాంక్‌ను బయటికి పంపేశాకే కరెంటు పనిముట్లు పట్టుకోండి.

ఇంజన్, సీట్లు, స్టీరింగ్ కన్సోల్ తీసేయండి. ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాయండి. స్టెర్న్‌డ్రైవ్ పడవైతే, అంటే ఇంజన్ పడవ లోపల, ప్రొపెల్లర్ బయట ఉండేదైతే, ఇంకో జాగ్రత్త ఉంది. అందులో ఇంజన్ మౌంట్లు స్ట్రింగర్ల మీదే కూర్చుంటాయి. ట్రాన్సమ్ రంధ్రం నుంచి మౌంట్ ఎత్తు ఎంతో మిల్లీమీటర్ల లెక్కలో రాసుకోకపోతే తర్వాత ఇంజన్ అలైన్‌మెంట్ కుదరదు.

ఇప్పుడు ట్రైలర్. పాత హల్‌కి ఫ్లోరు, స్ట్రింగర్లు తీసేశాక సొంత బలం చాలా తక్కువ. ఎక్కడ ఆసరా ఉంటే ఆ ఆకారంలోకి కుంగుతుంది. కుంగిన స్థితిలో కొత్త స్ట్రింగర్లు అతికిస్తే ఆ వంపు శాశ్వతం. పడవ అడుగుభాగంలో వెనక చివరి నాలుగైదు అడుగుల మేర లోపలికి గుంట పడితే పడవ వేగంలో ముక్కు కిందికి వంచి నడుస్తుంది. అందుకని ట్రైలర్ మీద పడవను మోసే పొడవాటి బంక్ పలకలు ట్రాన్సమ్ దాకా రావాలి, స్ట్రింగర్ల కిందకు పడాలి. నా ట్రైలర్ బంకులు పొడవులో ఒక అడుగు తక్కువున్నాయి, టూ బై సిక్స్ (రెండంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు అనిపించుకునే) పలకలు కొత్తగా వేయాల్సి వచ్చింది. లెవల్ పెట్టి నాలుగు వైపులా జాకీలతో సరిచూడండి. అడుగున పొడవాటి అల్యూమినియం రూలర్ ఆనించి వంపు లేదని చూసుకోండి. పైన రెండు పక్కల పై అంచుల (గన్నెల్) మధ్య అడ్డంగా టూ బై ఫోర్ చెక్కలు రెండు మూడు స్క్రూలతో బిగించండి. లేకపోతే ఫ్లోరు తీయగానే పక్కలు విచ్చుకుంటాయి. ఒకసారి సరిచేశాక పని అయ్యేదాకా ట్రైలర్ కదపవద్దు. మా కాలనీ అసోసియేషన్ నుంచి "కనిపించేలా పడవ ఉంచరాదు" అని ఉత్తరం వచ్చినా నేను కదపలేదు, గరాజ్ తలుపు మూసుకున్నాను.

కొలతలు

బో ఐ (ముందు మొనకున్న తాడు కట్టే కొక్కెం) నుంచి ట్రాన్సమ్ మధ్యకు ఒక దారం బిగించి కట్టండి. ప్రతి 30 సెంటీమీటర్లకూ ఆ దారం నుంచి ఫ్లోరు పైకి ఎంత, ఫ్లోరు అంచు హల్ పక్కను ఎక్కడ తాకుతోంది అన్నది రాసుకోండి. ఫ్లోరు తీశాక అవే చోట్ల దారం నుంచి స్ట్రింగర్ పైకి, కీల్ గీతకు (హల్ అడుగున మధ్యలో పొడవునా ఉండే వెన్ను) కొలవండి. స్ట్రింగర్ మందం, రెండు స్ట్రింగర్ల మధ్య దూరం, ట్రాన్సమ్ నుంచి అవి ఎక్కడ మొదలై ముందు ఎక్కడ ఆగాయి, బల్క్‌హెడ్లు (అడ్డంగా నిలబెట్టిన గోడలు) ఎక్కడున్నాయి, అన్నీ కావాలి. ప్రతిచోటా టేపు కనిపించేలా ఫొటో తీయండి.

ఈ కొలతలన్నీ హల్ లోపలి గోడ మీద పర్మనెంట్ మార్కర్‌తో శుభ్రంగా రాసుకున్నాను నేను. మూడు వారాల తర్వాత గ్రైండర్ పట్టి అదే గోడను శుభ్రంగా చెక్కేశాను. ఫొటోలు లేకపోతే ఈ వ్యాసమే ఉండేది కాదు. విడిగా ఒక ప్లైవుడ్ పట్టీ తీసుకుని దాని మీద రాయండి, గోడకు తగిలించండి.

కోత

సర్క్యులర్ రంపం లోతును ఫ్లోరు మందానికి సరిగ్గా పెట్టండి. ఎక్కువ ఫ్లోర్లు 12 మిల్లీమీటర్లు, పైన గ్లాస్ పొరతో కలిపి 14, 15. ఇంకా లోతు పెడితే కింద వైర్లు, ట్యాంక్, హల్ కూడా తెగుతాయి. హల్ పక్క నుంచి రెండంగుళాలు వదిలి చుట్టూ కోయండి. ఆ మిగిలిన అంచు పాత ఫ్లోరు ఎత్తుకు గుర్తుగా ఉంటుంది, చివర్లో గ్రైండర్‌తో తీసేయవచ్చు.

ఫోమ్ తీయడం తెలివితో పని లేని చాకిరీ. చదును పార, పాత చేతి రంపం, మోకాళ్లకు ప్యాడ్లు చాలు. చెత్త సంచులు మీరు అనుకున్నదానికి రెండింతలు తెచ్చుకోండి. తడి ఫోమ్ సంచి సగం నింపినా ఎత్తలేరు.

స్ట్రింగర్లు మాత్రం అన్నీ ఒకేసారి తీయవద్దు. ఒకటి తీసి, కొత్తది అతికించి, గట్టిపడ్డాక రెండోది. ఇంకా తీయని పాతది అప్పటిదాకా హల్ ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. కోసేటప్పుడు ఆసిలేటింగ్ మల్టీటూల్‌తో స్ట్రింగర్ పక్కల్ని హల్‌కు అర అంగుళం పైన కోయండి. లోపలి చెక్క చాలాచోట్ల చేత్తో ఊడి వస్తుంది. తీసిన ముక్కలు, అరిగినవైనా, పారేయవద్దు. కొత్తదానికి అవే నమూనా.

గ్రైండింగ్, దురద

కొత్త గ్లాస్ అతికేది పాత గ్లాస్‌కే కానీ పాత రంగుకో, మురికికో, మిగిలిన చెక్కకో కాదు. కాబట్టి స్ట్రింగర్ గీతకు రెండు పక్కలా ఆరేడు అంగుళాల మేర, 36 లేదా 40 గ్రిట్ ఫ్లాప్ డిస్క్‌తో, గ్లాస్ తెల్లగా మెరిసేదాకా చెక్కాలి. హల్ లోపలికి గోతులు పడకూడదు. మెరుపు వచ్చిందా, ఆపండి.

ఫైబర్‌గ్లాస్ ధూళి గురించి ఎంత చెప్పినా తక్కువే. గులాబీ రంగు పీ100 ఫిల్టర్లున్న హాఫ్ మాస్క్ తప్పనిసరి, పేపర్ మాస్క్ దీనికి చాలదు. ముఖానికి పూర్తి షీల్డ్, ఒంటికి పేపర్ కవరాల్, మణికట్టు దగ్గర గ్లవ్స్‌కీ చొక్కాకీ మధ్య టేపు. ముందుగా మెడకు, ముంజేతులకు బేబీ పౌడర్ బాగా రాసుకోండి, చర్మం రంధ్రాల్లోకి నూగు దిగదు. అయ్యాక ముందు చన్నీళ్ల స్నానం. వేడినీళ్లు పోసుకుంటే దురద నాలుగింతలవుతుంది. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి మెషీన్‌లో వేయవద్దు. ఈ సంగతి నాకు మా పిల్లల స్కూల్ యూనిఫాంల వల్ల తెలిసింది, అంతకు మించి చెప్పను.

సామాన్లు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ వద్దు

ప్లైవుడ్ మెరైన్ గ్రేడ్ కొనగలిగితే మంచిదే. బీఎస్ 1088 (పడవల ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణం) ముద్ర ఉన్నదాంట్లో లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. అది లేకపోతే వాటర్‌ప్రూఫ్ గ్లూతో వచ్చే ఎక్స్‌టీరియర్ గ్రేడ్ కూడా పనికొస్తుంది. మెరైన్ ప్లైవుడ్ కూడా కుళ్లుతుంది, దాని ప్రత్యేకత జిగురు, పొరలే తప్ప మందు కాదు. కంచె వేసే తడితడి ప్రెషర్ ట్రీటెడ్ చెక్క వద్దు. దాంట్లో నీరుంటుంది, రెజిన్ సరిగా పట్టదు.

గ్లాస్‌లో 1708 అనే బయాక్సియల్ క్లాత్ కొనండి. దారాలు రెండు ఏటవాలు దిశల్లో ఉండి, కింద పల్చటి మ్యాట్ కుట్టి ఉంటుంది. చదరపు మీటరు సుమారు 800 గ్రాములు. చేత్తో పూస్తే దాదాపు అంతే బరువు, ఇంకాస్త ఎక్కువ రెజిన్ తాగుతుంది. అంటే ఎంత క్లాత్ పడుతుందో లెక్కేస్తే రెజిన్ లెక్క దానంతటదే వస్తుంది. పైన 10, 15 శాతం కలుపుకోండి.

పాలియెస్టర్ రెజినా, ఎపాక్సీనా? చాలామంది ఇక్కడే నెలలు గడుపుతారు. పాలియెస్టర్ చవక, త్వరగా గట్టిపడుతుంది. పాత పడవలు దాంతోనే చేశారు. కానీ దాని స్టైరిన్ వాసన ఇంట్లోకి చొరబడుతుంది. పాత గ్లాస్‌కు అతికే బలం కూడా ఎపాక్సీకే ఎక్కువ. ఎపాక్సీ ధర రెండు మూడింతలు. తలుపు మూసిన గరాజ్‌లో, వారానికోసారి పని చేసేవాళ్లకు ఎపాక్సీయే మేలని నా అభిప్రాయం. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. కాబట్టి మధ్యలో మనసు మార్చుకుని చవక రెజిన్‌కు దిగలేరు. ఎపాక్సీతో చేసినచోట మామూలు జెల్‌కోట్ (పాలియెస్టర్‌తో చేసే రంగు పై పూత) బదులు పెయింట్ వేయాలి.

పాలియెస్టర్ తీసుకుంటే మైనం లేని, పొరలు అతికించడానికి వాడే లేఅప్ రెజిన్ అడగండి. దాని పై పొర జిగటగా ఉండి, పై క్లాత్ రసాయనికంగా కలిసిపోతుంది. మైనం ఉన్నది ఆఖరి పొరకే. దాన్ని గట్టిపరిచే ఎమ్ఈకేపీ క్యాటలిస్ట్ 1 నుంచి 2 శాతం. 24 డిగ్రీల వేడిలో లీటరుకు 15 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. 15 డిగ్రీల కింద పని పెట్టుకోవద్దు. ఎమ్ఈకేపీ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లజోడు లేకుండా సీసా మూత తీయకండి.

కాకినాడలోనో విశాఖలోనో ఈ పని చేస్తున్నవాళ్లకు ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికా డబ్బాల్లో రెజిన్‌కు యాక్సిలరేటర్ ముందే కలిపి వస్తుంది. మన దగ్గర చాలాచోట్ల రెజిన్, కోబాల్ట్ యాక్సిలరేటర్, క్యాటలిస్ట్ మూడూ విడివిడిగా అమ్ముతారు. కోబాల్ట్‌నీ క్యాటలిస్ట్‌నీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలిపోతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. రెంటికీ ఒకే కొలపాత్ర, ఒకే పుల్ల వాడవద్దు. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టవద్దు.

ఎపాక్సీకి ఈ గొడవ లేదు కానీ నిష్పత్తి కచ్చితం. త్వరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. ఏ రెజిన్ అయినా చిన్న చిన్న కప్పుల్లో కలపండి. పెద్ద డబ్బాలో కలిపితే అందులోనే మరిగి పొగలు కక్కుతుంది. మిగిలిన కప్పును బయట కాంక్రీటు మీద పెట్టండి, చెత్తబుట్టలో కాదు.

స్ట్రింగర్ తయారీ

ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులు, స్ట్రింగర్ 12, 13 ఉంటుంది. అందుకని 18 మిల్లీమీటర్ల పలకలు రెండు వరసలు అతికించి 36 మిల్లీమీటర్ల స్ట్రింగర్ చేస్తాం. ఒక వరసలో అతుకు ఉన్నచోట రెండో వరసలో నిండు పలక రావాలి. అతుకుల మధ్య కనీసం రెండడుగుల ఎడం ఉంచండి. మీ పాత స్ట్రింగర్ మందం వేరైతే దాన్నే అనుసరించండి.

నమూనాకు అట్టముక్కలు వాడాను. ఫ్లోరు ఎత్తులో ఒక దారం కట్టి, దాని నుంచి హల్ దాకా చిన్న చిన్న అట్టముక్కల్ని నిలబెట్టి, వేడి జిగురుతో ఒకదానికొకటి అతికించుకుంటూ పోతే పొడవాటి కచ్చితమైన మూస వస్తుంది. కింది అంచు హల్‌కు అచ్చం అతుక్కోవాలని పట్టుబట్టకండి. నిజానికి అతుక్కోకూడదు. చెక్క అంచు నేరుగా హల్ మీద కూర్చుంటే అలల దెబ్బ అంతా ఆ గీత మీదే పడి గ్లాస్ పగులుతుంది. 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి.

పై అంచు రెండు పక్కలా రౌటర్‌తోనో సాండింగ్‌తోనో గుండ్రంగా చేయండి. గ్లాస్ క్లాత్ పదును మూలమీద వంగదు, వంచినా లేచి కింద గాలి బుడగ మిగులుతుంది. చెక్క అంతా పల్చటి రెజిన్ పూత వేయండి. కోసిన అంచులు స్పాంజిలా పీల్చేస్తాయి, ఇక పీల్చడం మానేదాకా పూస్తూనే ఉండండి.

అతికించడం

అతికించే రోజు ఉదయమే గీకిన చోటంతా వాక్యూమ్ చేసి, తెల్ల గుడ్డ ఎసిటోన్‌లో తడిపి తుడవండి. గుడ్డ మురికైతే మార్చండి, అదే గుడ్డతో తుడిస్తే మురికిని అటూ ఇటూ పులమడమే. ఎసిటోన్ ఆరేదాకా ఆగండి. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్‌కు ఎప్పుడూ వెలిగే చిన్న మంట (పైలట్ లైట్) ఉంటే ఆర్పేయండి.

రెజిన్‌లో సిలికా పొడి, తరిగిన గ్లాస్ నూలు కలిపి చిక్కటి ముద్ద చేయాలి. ఎంత చిక్కగా? గారెల పిండి. గరిటెతో తీసి తిప్పితే జారకూడదు, వేలితో ఒత్తితే ఆకారం నిలవాలి. ఆ ముద్దను హల్ గీత మీద పొడవునా వేసి, స్ట్రింగర్ నిలిపి మెల్లగా నొక్కండి. కింద ఖాళీ నిలిచేలా అక్కడక్కడ చిన్న ఫోమ్ ముక్కలు ముందే పెట్టి ఉంచండి. పైన కట్టిన దారానికి ఎత్తు సరిపోయిందో లేదో చూసుకుని, అడ్డంగా పుల్లలు బిగించి కదలకుండా వదిలేయండి.

బయటికి పొంగిన ముద్దను ఒక ఐస్‌క్రీమ్ పుల్లతోనో, గుండ్రటి ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో మూలలో గుండ్రటి లోవంపుగా సరిచేయాలి. దీన్నే ఫిల్లెట్ అంటారు. సుమారు ముప్పావు అంగుళం వ్యాసార్థం చాలు. క్లాత్ ఈ వంపు మీదుగా హల్ నుంచి స్ట్రింగర్ పైకి మెత్తగా ఎక్కుతుంది.

క్లాత్ ముందే కోసి, పేర్లు రాసి, వరసలో పెట్టుకోండి. మొదటి పొర హల్ మీద 4 అంగుళాలు, స్ట్రింగర్ పక్క మీదుగా పైకి. రెండో పొర హల్ మీద 6 అంగుళాలు. అంచులు ఒకేచోట ఆగకూడదు, మెట్లు మెట్లుగా దిగాలి. మ్యాట్ ఉన్న వైపు కిందికి. ముందు హల్ మీద రెజిన్ పూసి, క్లాత్ పరిచి, పైన మళ్లీ రెజిన్ వేసి, గాడులు ఉన్న అల్యూమినియం రోలర్‌తో మధ్య నుంచి అంచులకు తోయండి. తెల్లగా కనిపించే క్లాత్ పూర్తిగా పారదర్శకంగా మారితే రెజిన్ చేరినట్టు. తెల్ల మచ్చలు మిగిలితే అక్కడ గాలి ఉంది. పైన రెజిన్ చెరువులా నిలబడితే అదీ తప్పే, ఎక్కువైన రెజిన్ బలం ఇవ్వదు, పెళుసుదనం ఇస్తుంది.

ఎపాక్సీ మీద మర్నాడు మైనంలాంటి జిడ్డు తేలితే నీళ్లతో, గరుకు ప్యాడ్‌తో కడిగి, ఆరాక సాండింగ్ చేసి తర్వాతి పొర వేయండి. సాండింగ్ ముందు చేస్తే ఆ జిడ్డును లోపలికి రుద్దినట్టే.

నీళ్లకు దారి, ఫోమ్‌కు చోటు

స్ట్రింగర్లు, బల్క్‌హెడ్లు అన్నీ గట్టిపడ్డాక బల్క్‌హెడ్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు ఉండాలి. రంధ్రం చేసి వదిలేస్తే అక్కడి చెక్క అంచే మళ్లీ నీరు తాగుతుంది. కాస్త పెద్ద రంధ్రం చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేయండి, లేదా పీవీసీ పైపు ముక్క అతికించండి. తర్వాత బకెట్ నీళ్లు ముందు మొన దగ్గర పోసి చూడండి. అన్నీ డ్రెయిన్ దగ్గరికి చేరాలి. ఎక్కడైనా ఆగితే ఇప్పుడే సరిచేయండి, ఫ్లోరు వేశాక కనిపించదు. వైర్లకు పీవీసీ పైపు వేసి, అందులో ఒక తాడు వదిలేయడం కూడా ఇప్పుడే.

ఫోమ్ మళ్లీ వేయాలా అని కొందరికి అనుమానం. 20 అడుగుల లోపు ఇలాంటి మోటారు పడవలను మునిగినా తేలేలా తయారుచేయాలని అమెరికా నిబంధనలున్నాయి. ఎంత తీశారో అంత తిరిగి వేయండి. ఘనపు అడుగుకు రెండు పౌండ్లు తూగే ఫోమ్ ఒక ఘనపు అడుగు సుమారు 60 పౌండ్ల బరువును తేలుస్తుంది. తలుపు సందుల్లో కొట్టే స్ప్రే డబ్బా ఫోమ్ పనికిరాదు, నీరు పీలుస్తుంది. గులాబీ రంగు ఇన్సులేషన్ బోర్డును పెట్రోలూ స్టైరినూ రెండూ కరిగించేస్తాయి.

ఫోమ్‌కు వచ్చే ఏ, బీ రెండు ద్రవాలు సమానంగా పోసి, డబ్బా మీద చెప్పినన్ని సెకన్లే కలిపి వెంటనే పోయాలి. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. తర్వాత పాలు పొంగినట్టు లేస్తుంది, కానీ స్టవ్ కట్టేసే వీలుండదు. మొదటిసారి ఒకే విడతలో ఎక్కువ పోసి, అది స్ట్రింగర్ల మీదుగా పొంగి నా బూట్ల దాకా వచ్చింది. కొద్దికొద్దిగా, పొర మీద పొరగా పోయండి. మూసిన ఫ్లోరు కింద ఎక్కువ పోస్తే ఫ్లోరునే లేపేస్తుంది. అందుకే నేను ఫ్లోరు వేయకముందే పోసి, పైకి లేచింది చేతి రంపంతో చదును చేస్తాను. మధ్య కీల్ గీత వెంట మాత్రం నీళ్ల కాలువ ఖాళీగా ఉండాలి.

ఫ్లోరు

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను రెండు మూడు ముక్కలుగా కోసి, అతుకులు స్ట్రింగర్ మీదో బల్క్‌హెడ్ మీదో పడేలా చూడండి. పొడిగా ఒకసారి అమర్చి చూసుకున్నాక, కింది వైపు, అంచులు రెండు మూడు పూతలు, కింద ఒక పొర గ్లాస్. అందరూ పైభాగం మెరిపిస్తారు, కుళ్లు మొదలయ్యేది కింది వైపు, అంచుల్లోనే. ట్యాంక్ మీద గేజ్ చూసుకునే మూత కోసం రంధ్రం మరవకండి. ట్యాంక్ తిరిగి పెట్టేటప్పుడు పాత పెట్రోల్ గొట్టాలు వాడవద్దు, ఏ1-15 ముద్ర ఉన్న మెరైన్ గొట్టం వేయండి.

స్ట్రింగర్ల మీద గారెపిండి ముద్ద పూసి పలకలు దించి, బరువులు పెట్టండి. గట్టిపడ్డాక హల్ పక్కలకు ఫిల్లెట్ వేసి, 1708 పట్టీలతో చుట్టూ అతికించి, పైన మొత్తం ఒక పొర పరవండి. కార్పెట్ అతికించవద్దు. అది తడిని నెలల తరబడి ఫ్లోరుకే పట్టి ఉంచుతుంది. కాలు జారని నాన్‌స్కిడ్ పెయింట్ వేసి, కావాలంటే బటన్లతో ఊడదీసే కార్పెట్ వేసుకోండి.

స్క్రూలు

ఇంత చేశాక సీటు బిగించే రోజు డ్రిల్ తీసి నాలుగు స్క్రూలు నేరుగా కొడితే, పాత పడవ కథ మళ్లీ మొదలవుతుంది. స్క్రూకంటే రెండింతల రంధ్రం చేయండి. కింద టేపు వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపండి. గట్టిపడ్డాక మధ్యలో స్క్రూకు తగిన రంధ్రం చేయండి. స్క్రూ ఇప్పుడు ఎపాక్సీ గొట్టంలో కూర్చుంటుంది, చెక్కను తాకదు. తల కింద మెరైన్ సీలెంట్. నా పడవలో ఇలాంటివి 46 రంధ్రాలు వచ్చాయి. ఒక్కోదానికి మూడు విడతలు. విసుగొచ్చి ఆఖరి ఆరు నేరుగా కొట్టేశాను, ఆ రాత్రి నిద్రపట్టక తెల్లారి విప్పి మళ్లీ చేశాను.

ఇక సరస్సు నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ ర్యాంపు మీదే డ్రెయిన్ ప్లగ్ తీసి ఎంత నీరు వచ్చిందో చూడండి. మొదటి మూడు ట్రిప్పుల్లో నా లెక్క ఒక గ్లాసు, అర గ్లాసు, ఏమీ లేదు. ఇంట్లో ముక్కు కాస్త ఎత్తుగా పెట్టి, ప్లగ్ తీసి, మధ్యలో ఒక గడ్డపార లాంటి పొడవాటి కర్ర నిలిపి దాని మీదుగా కవర్ వేయండి, నీళ్లు గుంటగా నిలవకుండా పక్కలకు జారిపోతాయి.